మూడో చరణం

ప్రమీలారాణి తండ్రి నిన్న సాయంత్రమే మొదటిసారి బయటపెట్టిన పాటకి, ఆయన రాయనే రాయని మూడో చరణాన్ని జోజి తడుముకోకుండా పాడేస్తుంటే, ఆమె చేతిలోని మామిడి టెంక జారి నేలమీద పడింది.

కొమ్మ కొసన కాయ నీదని కోయనైతినయ్యా
నమ్మి కాలు కిందికి దించితి, నేల కానరాదయ్యా
నిచ్చెనా అని నేనంటే ఊఁ అనవయ్యా
ఒక్క ఊఁ చాలు నాకు, దిగివస్తానయ్యా

పాక చూరు కింద నులకమంచం మీద కూర్చుని, కళ్లు ఎటో పెట్టి, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు పాడాడు జోజి. అయిపోగానే నోరు మూసుకున్నాడు. కరెంటు పోయిన రేడియోలా.

ఇంతవరకూ జరిగింది తెలిసినవాళ్లకి ఈ పాక కొత్త కాదు. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారిలో వీరభద్రరావు గుత్తకి పట్టిన బంగినపల్లి తోట అది. రెండు కోతల కిందట జోజి ఈ తోటలోనే చెట్టు మీది నుంచి పడ్డాడు. అంతకుముందు జోజి అంటే పాట. చెట్టెక్కితే పాట, దిగితే పాట. పడి లేచాక మాట ఉంది, నడక ఉంది, లెక్క ఉంది, ఆకలి ఉంది. పాట ఒక్కటే లేదు. తాగి ఎక్కాడని, నిచ్చెన పక్క చెట్టుకి ఉందని కూడా చూసుకోకుండా దిగబోయాడని తోటంతా చెప్పుకుంది. పడటానికి ముందు రోజు, పడిన రోజు రెండూ జోజి తలలోంచి తుడిచిపెట్టుకు పోయాయి కాబట్టి, "తాగే ఉంటానండి, అందరూ అంటున్నారుగా" అని వాడూ ఒప్పుకున్నాడు. గుంటూరు ఆసుపత్రిలో మనస్తత్వ శాస్త్ర విభాగంలో పని చేసే ప్రమీలారాణి సెలవుకి ఇంటికొచ్చి, ఇది తాగుడు కాదు, బద్ధకం కాదు, నుదుటి వెనక తగిలిన దెబ్బ అని పట్టుకుంది. కానీ చర్చి సంఘపెద్దలకి అది చాలలేదు. వచ్చే ఆదివారం తొలి పంట దేవుడికిచ్చే ప్రథమ ఫలాల పండుగ. ఆ రోజే తాగుబోతు జోజి పేరు సంఘం నుంచి కొట్టేస్తున్నట్టు చదువుతారు. ఆ రోజే, గుళ్లో ఆ ప్రభువు బల్ల ముందే, ముప్పై ఏళ్లుగా గుడికి పాటలు కట్టిన సలోమోను మాస్టారికి శాలువా కప్పుతారు.

సలోమోను మాస్టారు ప్రమీలారాణి తండ్రి.

పొద్దున్నే ఇంట్లో తండ్రి కూనిరాగం తీసిన ఆ కొత్త పాట ఆమె నోట్లో ఇరుక్కుపోయింది. పాకలో కూర్చుని, పరీక్షకి తెచ్చిన టెంకలు సర్దుకుంటూ తనకి తెలియకుండానే పల్లవి అంది. అంతే. జోజి అందుకున్నాడు. పూత మీది మొదటి చరణం, గాలిదుమారం మీది రెండో చరణం. అక్కడితో ఆగాలి. ఎందుకంటే తండ్రి అక్కడితో ఆపాడు. "రెండే బాగున్నాయి తల్లీ, ఎక్కువైతే జనం మరిచిపోతారు" అని కూడా అన్నాడు.

జోజి ఆగలేదు.

"పాటొచ్చింది!" భాగ్యవతి చేటలో బియ్యం అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. జోజి భార్య. రెండేళ్లుగా మొగుడి పనీ తన పనీ కలిపి చేస్తున్న మనిషి. "డాక్టరమ్మా, మా ఆయనకి పాటొచ్చేసింది! సూది వెయ్యని డాక్టరు ఏం చేస్తుందిలే అని లోపల నవ్వుకున్నానండి, నన్ను చెప్పు తీసుకుని కొట్టండి."

"ఉండు భాగ్యం."

"ఉండేదేంటండీ! మొన్న నేనే తిట్టాను, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా, పాడి ఏడవ్వేం అని."

ప్రమీలారాణి గుండె కూడా ఎగిసింది. అబద్ధం ఎందుకు. ఒక్క నిమిషం ఆమె డాక్టరు కాదు, చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఈ జోజి పక్కన కూర్చుని పాడిన పిల్ల. కానీ చదువు మనిషిని ఊరికే ఉండనివ్వదు.

"జోజీ, చాలా బాగుంది. ఇంకో చరణం కట్టు."

జోజి ఆలోచించాడు. నుదురు ముడిపడింది. "కొమ్మ కొసన కాయ నీదని..."

"అది అయిపోయిందిగా. కొత్తది. వాన మీద కట్టు. పోనీ మీ ఆవిడ మీద కట్టు."

"మా ఆవిడ మీదా?" భాగ్యవతి వైపు చూశాడు. ఒకప్పుడైతే ఆ మాట నోట్లోంచి రాకముందే ఆమె ముక్కుపుడక మీదో, ఆమె వండే చారు మీదో నాలుగు వరసలు అల్లి తోటంతా నవ్వించేవాడు. ఇప్పుడు చాలాసేపు చూశాడు. పెదాలు కదిలాయి. "కొమ్మ కొసన... కాయ నీదని..."

భాగ్యవతి ముఖం మీది వెలుగు మెల్లగా ఆరిపోయింది.

ప్రమీలారాణి కిందపడ్డ టెంక తీసింది. "దీంతో ఏం చెయ్యొచ్చు జోజీ? ఎన్ని తోస్తే అన్ని చెప్పు."

"నాటొచ్చండి."

"ఇంకా?"

"నాటొచ్చండి."

"నువ్వు చెప్పు భాగ్యం."

"దీంతోనా? ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకోవచ్చు. మొలకొచ్చింది అయితే పిల్లలు రాతికి రాసి బూర ఊదుకుంటారు. లోపలి జీడి కడుపునొప్పికి అరగదీసి ఇవ్వొచ్చు. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టొచ్చు." మొగుడి వైపు చూడకుండానే చెప్పుకుపోయింది. "మొగుడు మాట్లాడకపోతే నెత్తిమీద విసరొచ్చు."

జోజి నవ్వాడు. ఆ నవ్వు మాత్రం పాతదే. అందుకే చూడలేకపోయింది ప్రమీలారాణి.

వారం రోజులుగా ఇదే వరస. కిందటేడు వీరభద్రరావు జాలిపడి వీణ్ణి కాయలు ఏరే పనిలో పెట్టాడు. సైజు చూసి ఏరమంటే చక్కగా ఏరాడు. మధ్యాహ్నం ఇక రంగు చూసి ఏరమన్నారు. "అలాగేనండి" అని తలూపి, సాయంత్రం దాకా సైజు చూసే ఏరాడు. మొండివాడని గెంటేశారు. మొండితనం కాదది. నుదుటి వెనక ఉండే మెదడు ముక్క చేసే పనే అది: ఉన్న దారి వదిలి ఇంకో దారి వెతకడం. సంబంధం లేని రెండిటిని పక్కపక్కన పెట్టి చూడటం, వద్దనుకున్నది పక్కకి నెట్టడం. వారపత్రికల్లో కుడి మెదడు కవులది, ఎడమ మెదడు లెక్కల మాస్టర్లదని బొమ్మలేసి రాస్తున్నారు. మనిషి తల అంత తేలిగ్గా రెండు చెక్కలవదు. పాట పుట్టాలంటే బుర్రంతా పని చెయ్యాలి, ముందు భాగం దారి చూపించాలి. మద్రాసులో తీయించిన స్కాన్ ఫిల్ములో జోజికి అక్కడే నల్లటి మచ్చ ఉంది. పాత దారులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొత్త దారి వేసే మేస్త్రీ పోయాడు.

ఆ స్కాన్‌కి జోజిని దగ్గరుండి మద్రాసు తీసుకెళ్లింది సలోమోను మాస్టారే.

"జోజీ, ఈ పాట ఎవరిది?"

"మాస్టారిదేనండి. పాటలన్నీ మాస్టారివేగా."

"ఎక్కడ విన్నావు?"

"ఎక్కడో విన్నానండి." ఎటో చూశాడు. "విన్నాను. ఎక్కడో గుర్తులేదండి."

అదీ ఆ దెబ్బ గుణమే. సంగతి మిగులుతుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో చెరిగిపోతుంది. ప్రమీలారాణి మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. లెక్క ఆమె కోరకుండానే ముందుకి సాగుతోంది. కొత్తగా ఒక్క వరస కట్టలేని మనిషి నాలుగు వరసల చరణం పాడాడంటే, అది కట్టింది కాదు, గుర్తున్నది. పడినప్పటినుంచి వీడు ఈ తోట దాటింది ఆసుపత్రికి మాత్రమే. గుడికి వెళ్లలేదు, రేడియో లేదు. ఆ పాట నిన్నటిదాకా ఎవరూ వినలేదు. అంటే వీడు దీన్ని పడక ముందే ఎరుగును.

నిన్న పుట్టిన పాటని రెండేళ్ల కిందటే ఎరుగును.

"భాగ్యం, నువ్వెప్పుడైనా విన్నావా ఇది?"

"లేదండి. కట్టేటప్పుడు ఇంట్లో పాడేవాడు కాదు. చెట్టు మీదే. ఏంట్రా ఆ గొణుగుడని అడిగితే, పచ్చిదే ఇంకా, గడ్డిలో పెట్టి మాగెయ్యాలి అనేవాడు. వారం పది రోజులు దాని ఊసెత్తేవాడు కాదు. అంతలో ఓ రోజు కాయలు కోస్తా కోస్తా అదంతట అదే ముగ్గి చేతిలో పడిందనేవాడు."

ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ మాగేసే రోజులకి పెద్ద పేరు పెట్టారు. ప్రమీలారాణికి ఆ పేరు ఇప్పుడు గుర్తు చేసుకోబుద్ధి కాలేదు.

"మాగాక మొదట ఎవరికి వినిపించేవాడు?"

"ఇంకెవరికండీ? మాస్టారికే. మీ నాన్నగారు దిద్దేవారుగా." భాగ్యవతి అమాయకంగా అంది. అన్నాక, డాక్టరమ్మ ముఖం చూసి చేత్తో నోరు మూసుకుంది.

ప్రమీలారాణి లేచింది. గడప దాకా వెళ్లి ఆగింది. "భాగ్యం, ఆ ఊఁ అనవయ్యా అంటే ఏంటి? నిచ్చెనా అని పిలవడమేంటి?"

"అది మా కోతోళ్ల పద్ధతండి. పైనున్నోడికి ఆకుల్లో కింద కనపడదు. దిగేటప్పుడు కొమ్మని కావిలించుకుని కాలొక్కటే కిందికి దించుతాడు. దించేముందు నిచ్చెనా అని అరుస్తాడు. కింద ఎవరో ఒకరు నిచ్చెన పట్టుకుని ఊఁ అనాలి. ఊఁ వినపడిందంటే చూడకుండా కాలు పెట్టెయ్యడమే. వినపడకపోతే పొద్దుపోయేదాకా అయినా కొమ్మ మీదే కూర్చుంటాడు. తాగినోడు కూడా తప్పడండి." భాగ్యవతి ఆగింది. చేతిలో కొంగు ముడి వేస్తూ ఉండిపోయింది. తర్వాత చాలా చిన్నగా అంది. "అదేనండి నాకు అర్థం కానిది. ఈయన ఊఁ వినకుండా ఎట్లా దిగాడా అని."

ఆగిరిపల్లి బస్సు నూజివీడు చేరేసరికి ఎండ వాలుతోంది. దారి పొడుగునా కాయల బళ్లు. వరిగడ్డి వాసన, ముగ్గిన రసాల వాసన. ప్రమీలారాణి కిటికీ పక్కన కూర్చుని తనతో తనే వాదించుకుంది. నాన్న పాటని వాడుకుని ఉండొచ్చు. అది వేరు. చెట్టు వేరు. రెండిటినీ కలపడానికి నీ దగ్గర ఏముంది?

ఒక గడియారం ఉంది. సలోమోను మాస్టారు ఆ వేసవి నుంచి గడియారం కుడిచేతికి పెట్టుకుంటున్నారు. ఎడమచేతికి అరిగిన పట్టీ మచ్చ ఇంకా ఉండగానే. అప్పుడు కుడి మణికట్టుకి కట్టు ఉండేది. గంజి వారుస్తుంటే పడిందన్నారు. కట్టు తీశాక ఆ చోటుకి గడియారం వచ్చింది.

గుడిలో ఆడవాళ్ల పాటల అభ్యాసం అయిపోయింది. పండుగకి తెచ్చిన కాయల బుట్టలు బల్ల ముందు వరసగా పెట్టి ఉన్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక వాటినే వేలం వేస్తారు. సలోమోను మాస్టారు ఒక్కరే హార్మోనియం ముందు కూర్చుని మెట్ల మీది దుమ్ము తువ్వాలుతో తుడుస్తున్నారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. కుడిచేతికి గడియారం.

"వచ్చావా తల్లీ. అన్నం తిన్నావా? మామిడికాయ పప్పు వండి మూత పెట్టి వచ్చాను."

"ఆకలిగా లేదు నాన్నగారూ. ఆ కొత్త పాట మళ్లీ ఒకసారి పాడరూ?"

ఆయన సంతోషపడ్డారు. పాట అడిగితే ఆయన ఎప్పుడూ సంతోషపడతారు. గొంతు సవరించుకుని పల్లవి అందుకున్నారు. పూత చరణం. గాలిదుమారం చరణం. మళ్లీ పల్లవికి వచ్చి ముగించబోతుండగా ప్రమీలారాణి అందుకుంది.

"కొమ్మ కొసన కాయ నీదని కోయనైతినయ్యా..."

ఆయన వేళ్లు మెట్ల మీద కాసేపు ఆమె వెంట నడిచాయి. "నిచ్చెనా అని" దగ్గర ఆగిపోయాయి. ఒక్క తిత్తి మాత్రం కొట్టుకుంటూ ఉంది. స్వరం లేని గాలి, ముసలివాడి ఊపిరిలా.

"బాగుంది," అన్నారు చివరికి. "జోజి కట్టాడా? అయితే బాగుపడుతున్నాడన్నమాట. దేవుడి దయ."

"జోజి అని నేను చెప్పలేదు."

"అక్కడినుంచేగా వస్తున్నావు. ఇంకెవరు పాడతారు?" చిరునవ్వు నవ్వారు. బళ్లో గడుసు పిల్లల్ని గెలిచినప్పటి నవ్వు.

"జోజి కొత్తది కట్టలేడు నాన్నగారూ. ఆ ఫిల్ము మీరూ చూశారు. డాక్టరు మీకే విడమరిచి చెప్పాడు. వాడు గుర్తున్నదే పాడగలడు. ఈ పాట మొత్తం వాడికి గుర్తుంది. ఎవరిదో మాత్రం గుర్తులేదు. మీదే అనుకుంటున్నాడు."

మాస్టారు తువ్వాలు మడత పెట్టారు. మడత మీద మడత. "కిందటి సెలవుల్లో నువ్వే కదమ్మా చెప్పావు? మనసు ఎప్పుడో విన్నదాన్ని దాచుకుంటుందని, విన్న సంగతి మరిచిపోయి, ఒకనాడు అది పైకొస్తే తనే పుట్టించాననుకుంటుందని. పెద్ద పెద్దవాళ్లకి కూడా జరుగుతుందని, అది దొంగతనం కాదని చెప్పావు. నేను అరవై దాటినవాణ్ణి. వాడు ఎప్పుడో పాడి ఉంటాడు, నా చెవిన పడి ఉంటుంది. నాదే అనుకున్నాను. ఆదివారం అందరి ముందూ ఒప్పుకుంటాను. పాట జోజిదని చెప్తాను. శాలువా వాడికే కప్పమంటాను. సరేనా?"

తలుపు తెరిచి పట్టుకున్నట్టే ఉంది ఆ మాట. ప్రమీలారాణి దాటితే చాలు. జోజికి పేరొస్తుంది. నాన్నకి ముసలితనపు మరుపు మిగులుతుంది. తను నేర్చుకున్న శాస్త్రమే సాక్షి సంతకం పెడుతుంది. చేతిలో బుట్ట పట్టుకుని తనని ఆదివారపు బడికి నడిపించిన మనిషి, చనిపోయిన అమ్మ చీరలు తనకి మడతపెట్టి దాచిన మనిషి, అవతలి గట్టున క్షేమంగా ఉంటాడు.

ఆమె దాటలేకపోయింది. కొంగు ముడివేస్తున్న భాగ్యవతి కళ్లముందు నిలబడింది.

"మరుపు ఏరుకోదు నాన్నగారూ."

"ఏంటి?"

"అలా పైకొచ్చే జ్ఞాపకం గుడ్డిది. వస్తే వచ్చినంత వస్తుంది. పూత మీది చరణం వచ్చింది. గాలి మీది చరణం మాట తప్పకుండా వచ్చింది. పూత పూసి, గాలికి నిలిచి, కోత దగ్గరికొచ్చి ఆగిపోయింది. మామిడి మీద పాట కట్టి, కోత లేకుండా ఎవరైనా ముగిస్తారా? నిచ్చెన ఉన్న చరణం ఒక్కటే పోయింది. అది మరుపు కాదు. ఏది వదలాలో తెలిసిన మనిషి వదిలాడు."

ఆయన మడతపెట్టిన తువ్వాలు మళ్లీ విప్పారు.

"ఆ చరణం పాడితే ఆడవాళ్లందరూ కలిసి ఊఁ అనాలి. ప్రతి ఆదివారం. మీ ముందు నిలబడి. అందుకే వదిలేశారా?"

"రాణీ..."

"గడియారం తీయండి."

తీయరనుకుంది. తీయకూడదని ప్రార్థించింది కూడా. ఆయన ఎడమచేత్తో పట్టీ వదులు చేసి, గడియారాన్ని హార్మోనియం మీద పెట్టి, మణికట్టు ఆమె వైపు తిప్పారు. పెద్ద మచ్చ కాదు. నల్లటి చుక్కలు, చిందినట్టు. గంజి పడితే తోలు అట్టలా లేస్తుంది. ఇలా చుక్కలుగా కాల్చేది ఒక్కటే. పచ్చికాయ తొడిమ తెగినప్పుడు చిమ్మే సొన. ఈ ప్రాంతంలో పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. ఆమెకీ తెలుసు. రెండేళ్లుగా ఇంటికొచ్చినప్పుడల్లా చూడాల్సిన చోట గడియారం చూసి ఊరుకుంది.

ముప్పై ఏళ్లు పిల్లలకి చెట్టెక్కొద్దని చెప్పిన మాస్టారికి, చెట్టు కింద ఏం పని?

బయట కాయల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా తగ్గేదాకా సలోమోను మాస్టారు తన చేతినే చూసుకున్నారు. తర్వాత తిత్తి మూసి కొక్కెం పెట్టారు. గాలి ఆగింది.

"చెప్తాను. మధ్యలో నాన్నగారూ అని పిలవకు. పిలిస్తే చెప్పలేను.

"మీ అమ్మ చనిపోయిన ఏడు కట్టిన పాటే నా చివరి పాట. ఆ తర్వాత ఈ పెట్టె ముందు కూర్చుంటే పాతవే వచ్చేవి. కొత్తదనుకుని పాడి చూస్తే సగంలో తెలిసేది, ఇది నేను పదేళ్ల కిందట కట్టిందేనని. నాకు చెట్టు మీది నుంచి పడే అవసరం కూడా రాలేదు తల్లీ. ఊరికే ఎండిపోయాను. ఎవరికీ చెప్పలేదు. పాటల మాస్టారు పాట రాదని ఎవరికి చెప్పుకుంటాడు?

"జోజి తెచ్చేవాడు. మొదట్లో నిజంగానే దిద్దాను. తర్వాత దిద్దడానికి ఏమీ ఉండేది కాదు. దిద్దినట్టు నటించాను. జనం మాస్టారి పాట అన్నారు. నేను కాదనలేదు. వాడూ కాదనలేదు, నవ్వేవాడు. మళ్లీ కట్టుకుంటాలెండి అనేవాడు. దొంగిలించిందానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. మళ్లీ కట్టుకోవడం వాడికి అంత తేలిక.

"ఈ పాట రెండు చరణాలు వినిపించి, ఇంకోటి మాగుతోందన్నాడు. ఇది మాత్రం నేనే పాడతానండి మాస్టారూ, నేనే కట్టానని చెప్తాను, భాగ్యం ముందు వరసలో కూర్చుని వినాలి అన్నాడు. న్యాయమే. అంతకన్నా న్యాయమైన మాట ఏముంటుంది? మర్నాడు తోటకి వెళ్లాను. బతిమాలడానికే వెళ్లాను. అందరూ అన్నాలకి పాక దగ్గరికి పోయారు. వాడొక్కడే పైన. ఆకుల్లో మనిషి కనపడటం లేదు, పాట వినపడుతోంది. నేనున్నానని వాడికి తెలియదు. మూడో చరణం అప్పుడే చేతికొచ్చినట్టుంది, మళ్లీ మళ్లీ పాడుకుంటున్నాడు. జన్మలో నేను అలాంటి చరణం కట్టలేదు. కట్టలేను. కింద నిలబడి విని ఏడ్చాను. నమ్ముతావో లేదో. ఏడుస్తూనే నిచ్చెన తీశాను.

"పక్క చెట్టుకి ఆనించాను. ఆనిస్తుంటే గుత్తికి తగిలి కాయలు తెగి, సొన చేతి మీద చిమ్మింది. దిగకుండా ఆపి, పాట నాకిస్తానని మాట తీసుకుందామనే తీశానని ఈ రెండేళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. మద్రాసు రైల్లో వాడి తల ఒళ్లో పెట్టుకుని కూడా అదే చెప్పుకున్నాను. అదొక్కటే ఈ మధ్య నేను కట్టిన కథ.

"వాడు పైనుంచి పిలిచాడు. నిచ్చెనా అని.

"నేను మాట్లాడకపోతే చాలు. వాడు దిగేవాడు కాదు. కొమ్మ మీదే కూర్చుని ఇంకో చరణం కట్టుకునేవాడు. ఈపాటికి ఎన్ని పాటలు ఉండేవో.

"నా పాటల్లో ఏది నాదో, ఏది వాడిదో ఇప్పుడు నాకే తెలియదు. ఆదివారం పెద్దల ముందు నువ్వు ఏది ఎవరిదంటే అది ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట మాత్రం నేను ఎవరి దగ్గరా తీసుకోలేదు. ఎవరూ నాకు నేర్పలేదు, ఎవరూ దిద్దలేదు. అది అచ్చంగా నాదే రాణీ.

"ఊఁ, అన్నాను."